మడత చాకు బిగుసుకుపోయిందా?

ప్రయాణంలో పండు కోసుకోవడానికి సంచీలో మడత చాకు ఉంచుకుంటాం కదా! బిగుసుకున్నదాన్ని బలంగా లాగితే చటుక్కున తెరుచుకుని వేలు తెగుతుంది. మరీ వదులైతే కోస్తుండగానే వేళ్ళమీదికి ముడుచుకుంటుంది.

ముందే మర తిప్పకండి. చాలాసార్లు తప్పు మరది కాదు, కీలులో ఎండిన పండ్లరసానిది. సబ్బునీళ్ళతో, పాత బ్రష్షుతో కీలు తోమి, బాగా ఆరాక ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. వంటనూనె వద్దమ్మా, కొన్నాళ్ళకు జిడ్డుకట్టి మళ్ళీ పట్టేస్తుంది. పదిసార్లు నెమ్మదిగా తెరిచి మూసి, పైకొచ్చిన నూనె తుడిచేయండి.

అప్పటికీ బిగువైతే మరను రవ్వంత వదులు చేయండి. బ్లేడు పక్కలకు ఊగితే, ఊగడం ఆగేదాకా మళ్ళీ బిగించండి. మర లేకుండా సీల కొట్టిన చాకైతే సుత్తి జోలికి పోకుండా, బాగుచేసే అతనికే ఇవ్వండి.

పండు కోసేముందు బ్లేడు కడగడం మాత్రం మరవకండేం!