పక్కనే కూర్చోబెట్టుకోవాలి, ముట్టుకోకూడదు

ప్రమాదకరమైన వస్తువును అందరికీ దూరంగా పెట్టడం ఇంటి పద్ధతి. విమానంలో ఈ-సిగరెట్ విషయానికొచ్చేసరికి ఇది తలకిందులు. దాన్ని చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు; కొత్తల్లుడిలా పక్కనే కూర్చోబెట్టుకోవాలి. అలిగితే మంటే మరి.

కారణం అందులోని లిథియం బ్యాటరీ. 2014 ఆగస్టులో బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో ఒక విమానం సామాన్ల అరలో మంట లేచింది. ప్రయాణికులను దింపేసి చూస్తే, ఎవరిదో పెట్టెలో ఈ-సిగరెట్. మరుసటి ఏడాదే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెక్-ఇన్ సామానులో వీటిని నిషేధించింది. సామాన్ల అరలో మంటలార్పే హాలాన్ వాయువు ఉంటుంది, నిజమే. అది మంటను అణచగలదు గానీ, ఒకసారి అదుపు తప్పిన బ్యాటరీ లోపల్లోపలే రగలడాన్ని ఆపలేదు. అదే మన సీటు దగ్గరైతే పొగ రాగానే ఎవరో ఒకరు కేకేస్తారు, సిబ్బంది నీళ్లు గుమ్మరిస్తారు. బ్యాటరీ మీద నీళ్లేమిటని కంగారు పడకండి, దాన్ని చల్లార్చడమే అసలు మందు.

పక్కనుంది కదా అని ఛార్జింగ్ పెట్టకూడదు, పీల్చకూడదు. ఇంకో చిక్కూ ఉంది: పైకి వెళ్లేకొద్దీ క్యాబిన్‌లో పీడనం తగ్గి, ఈ-సిగరెట్ ట్యాంకులో చిక్కిన గాలి ఉబ్బి అందులోని ద్రవాన్ని బయటికి తోస్తుంది. ట్యాంకు ఖాళీ చేసుకుని ఎక్కితే చొక్కా బతుకుతుంది.

“ఆవిరే కదా” అనేవాళ్లకు 2018 జులైలో హాంకాంగ్ నుంచి డాలియన్ వెళ్లిన ఎయిర్ చైనా విమానం సంగతి చెప్పాలి. ఈ-సిగరెట్ పీల్చిన కోపైలట్, ఆవిరి ప్రయాణికుల వైపు పోకుండా ఒక ఫ్యాన్ ఆపబోయి, పక్కనే ఉన్న ఎయిర్ కండిషనింగ్ స్విచ్చులు ఆపేశాడు. క్యాబిన్‌లో గాలి పలచబడింది. ఆక్సిజన్ మాస్కులు ఊడిపడ్డాయి. విమానం పది నిమిషాల్లో 6 వేల మీటర్లకు పైగా కిందికి దిగింది. పక్కవాళ్లకు ఇబ్బంది కలగకూడదన్న సంస్కారమే కొంప ముంచబోయింది.

ఇన్నీ పాటించి శంషాబాద్‌లో దిగారనుకోండి. విమానం ఒప్పుకున్నదాన్ని దేశం ఒప్పుకోదు. 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల దిగుమతి నేరం: మొదటిసారైతే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దారిలో సింగపూర్ ఉంటే అక్కడ దగ్గర ఉంచుకోవడమే నేరం. డల్లాస్ నుంచి సెలవులకు వచ్చే తమ్ముళ్లూ, దాన్ని అక్కడి సొరుగులోనే వదిలి రండి.