రాజు పోయినంక ఊరేమైంది?

కాకతీయుల కథ వరంగల్ పిల్లలకు ఉగ్గుపాలతోనే వస్తుంది. గణపతిదేవుడు, రుద్రమ్మ, ప్రతాపరుద్రుడు. నిద్రలో లేపి అడిగినా వరుస తప్పకుండా చెప్తారు. 1323లో ఢిల్లీ సేన వచ్చింది, కోట పడింది, రాజు పట్టుబడ్డాడు. అక్కడితో పాఠం ముగుస్తుంది. తర్వాతి పాఠం తెరిస్తే గోల్కొండ! మధ్యలో ఓరుగల్లు మాయమైపోతుంది. మా మనవరాలు ఇక్కడే పట్టుకుంది నన్ను: "తాతా, రాజు పోయినంక ఊళ్ళె జనమంత ఏమైన్రు?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబుకు కాస్త లెక్కలు, కాస్త నేతపని తెలియాలి. లెక్కలు నేను చేస్తాలెండి, మీరు వినండి.

ముందు గోడల సంగతి. ఓరుగల్లు రాతికోట ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న మట్టికోట సుమారు 2.4 కిలోమీటర్లు. రెండూ గుండ్రమే. రాతిగోడ చుట్టుకొలత 3.8 కిలోమీటర్ల దాకా వస్తుంది, మట్టిగోడది ఏడున్నర. గోడ రెండింతలైంది, లోపలి నేల మాత్రం నాలుగింతలైంది. 280 ఎకరాలది కాస్తా 1,100 ఎకరాలు దాటింది. అదే నేలను నలుచదరంగా చుట్టాలంటే గోడ నూటికి పదమూడు వంతుల దాకా ఎక్కువ కట్టుకోవాలి. కూలి, రాయి, మట్టి అన్నీ దండగ. గుండ్రం గీసినవాళ్ళకు ఈ లెక్క బాగానే తెలుసు.

మట్టిగోడ అంటే చులకనగా చూడకండి. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడ గట్టితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. రాయి పెళుసు, దెబ్బ తగిలితే పగుల్తుంది. మట్టి దిగుతుంది, నలుగుతుంది, దెబ్బలోని శక్తినంతా తనలోనే ఇంకించుకుంటుంది. ఫిరంగులొచ్చాక యూరప్ వాళ్ళు పదహారో శతాబ్దంలో ఎత్తైన రాతిగోడలు వదిలేసి, మట్టి నింపిన పొట్టి లావుపాటి గోడల వైపు తిరిగింది కూడా ఇందుకే.

అయితే గోడ శత్రువును ఆపుతుంది గానీ వెళ్ళిపోయే జనాన్ని ఆపలేదు. రాజధాని అంటే అందులో సగం మంది రాజును నమ్ముకుని బతికేవాళ్ళే. సిపాయిలు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్ళు, దేవాలయాల మాన్యాల మీద బతికేవాళ్ళు, దర్బారుకు నగలు చేసే కంసాలులు. రాజు పోతే వీళ్ళకు జీతం పోతుంది, జీతమున్న చోటికి నడిచి వెళ్ళిపోతారు. గెలిచిన ఢిల్లీవాళ్ళు ఊరిపేరు సుల్తాన్‌పూర్ అన్నారు. 1425 ప్రాంతంలో బహమనీ సుల్తాను పట్టుకున్నాడు. 1504 నాటికి సీతాపతి అనే షితాబ్ ఖాన్ ఏలుతున్నాడు. పడిపోయిన దేవతామూర్తుల్ని మళ్ళీ నిలబెట్టానని కోటలో శాసనం కూడా వేయించాడు. ఆ తర్వాత కుతుబ్ షాహీలు. రెండొందల ఏళ్ళలో ఎన్ని జెండాలు మారాయో చూడండి! ఇవాళ ఖిలా వరంగల్‌కు వెళ్తే మట్టికోట లోపల వరిచేలు కనిపిస్తాయి. పట్నం కుంచించుకుపోయిన చోట నాగలి దిగిందన్నమాట. అది నాశనమని కొందరు కళ్ళొత్తుకుంటారు. నాకైతే తెలివైన పనే అనిపిస్తుంది. ఖాళీ నేల, పక్కనే కందకం నీళ్ళు. దున్నుకోక ఏం చేస్తారు?

ఇప్పుడు తిండి లెక్క. మనిషికి రోజుకు అరకిలో గింజలనుకుందాం. లక్షమంది ఉన్న పట్నానికి రోజుకు 50 టన్నులు కావాలి. దక్కన్ దారుల్లో ఆ రోజుల్లో సరుకు ఎక్కువగా ఎద్దు వీపు మీదే వెళ్ళేది. ఎద్దు మోసేది వంద కిలోలనుకుంటే, రోజూ 500 ఎద్దులు ఊళ్ళోకి రావాలి! ఆ ఎద్దులు లంబాడీలవి. మేస్తూ నడిచేవి, నడుస్తూ మేసేవి, కాబట్టి మేత ఖర్చు లేదు. పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బిడారులో వెళ్ళడం చూశానని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే పదిహేడో శతాబ్దంలో రాశాడు. అవి ఎదురైతే దారి పక్కన నిలబడి రోజుల తరబడి కాచుకోవాల్సిందేనట. ఇప్పుడు రైల్వే గేటు దగ్గర అయిదు నిమిషాలకే హారన్ కొట్టేవాళ్ళు వింటున్నారా?

ఎద్దుకు మరో గుణముంది. వీపు మీద వడ్లున్నా పట్టుబట్టలున్నా దాని కూలి ఒక్కటే. వరంగల్ నుంచి మచిలీపట్నం రేవుకు రోజుకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఇరవై రోజులు దాటుతుంది. వంద కిలోల వడ్లు అంత దూరం మోయిస్తే కూలే సరుకు ధరను మింగేస్తుంది. వంద కిలోల మేలైన నేతబట్టకైతే ఆ కూలి చిల్లర ఖర్చు. కాబట్టి నావలు తిరిగే నది లేని ఊరు, సముద్రానికి దూరంగా ఉన్న ఊరు బతకాలంటే, బరువు తక్కువా విలువ ఎక్కువా ఉన్న సరుకు చెయ్యాలి. వరంగల్ అదే చేసింది.

ఏ సరుకంటారా? తివాచీ. చుట్టూ నల్లరేగడిలో పత్తి, కురుమల మందల్లో ఉన్ని, కాకతీయులు తవ్వించిన చెరువుల కింద వరి. ముడిసరుకూ తిండీ రెండూ చేతికందే దూరంలో ఉన్నాయి. తివాచీ నేత విద్య ఇరాన్ వైపు నుంచి దక్కనుకు వచ్చింది. మొగలు సేనల వెంట వచ్చిన నేతగాళ్ళు ఇక్కడే స్థిరపడిపోయారని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఆ పని ఎలాంటిదో దగ్గరగా చూడండి. పడుగు దారాలు బిగించి ఉంటాయి. రెండు పడుగు పోగుల చుట్టూ రంగు ఉన్ని తిప్పి ముడి వేస్తారు, కొస కత్తిరిస్తారు. పక్కన ఇంకో ముడి. వరుస నిండాక అడ్డంగా పేక పోనిచ్చి, పంజాతో టకటకా దిగ్గొడతారు. మళ్ళీ ముడులు. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు చోటులో వంద ముడులనుకుంటే చదరపుటడుగుకు 14,400. పొద్దస్తమానం కూర్చుని ఏడెనిమిది వేల ముడులు వేసే చెయ్యికి ఒక్క అడుగే రెండు రోజుల పని. గదంతా పరిచే తివాచీకి ఎన్ని నెలలో మీరే లెక్కకట్టుకోండి. అన్ని నెలల కష్టాన్నీ చుట్టగా చుట్టి ఒక్క ఎద్దు మీద వెయ్యొచ్చు!

ఇంతలో దక్షిణాన దారులు మారుతున్నాయి. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు, 1591లో హైదరాబాద్‌కు చార్మినార్ దగ్గర ముగ్గు పోశారు. మచిలీపట్నంలో డచ్చివాళ్ళు 1606 నాటికి, ఇంగ్లీషువాళ్ళు 1611లో కొట్లు తెరిచారు. గోల్కొండ నుంచి ఆ రేవుకు వెళ్ళే పెద్దదారి వరంగల్‌ను పక్కకు వదిలేసి బెజవాడ మీదుగా పోయింది. పెద్దదారి మీద లేని ఊరు పెద్దగా పెరగదు. అయినా వరంగల్‌కు కొల్లూరు గతి పట్టలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనిలో 60 వేల మంది పనిచేస్తున్నారని తవెర్నియే రాశాడు. వజ్రాలు అయిపోయాయి, జనం పోయారు, ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ళ కింద ఉంది. గని నేలలో ఉంటుంది, తవ్వితే తరుగుతుంది. చేతిలో విద్య వాడేకొద్దీ పదునెక్కుతుంది.

జనం పోవడం, రావడం అన్నాను కాబట్టి ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. ఆ కాలపు పట్నాలు చాలావరకు తమంతట తాము పెరిగేవి కావు. లండన్‌లో జాన్ గ్రాంట్ అనే బట్టల దుకాణదారుడు చావుల చిట్టాలన్నీ ముందేసుకుని కూర్చుని లెక్కలు తీసి, 1662లో పుస్తకం అచ్చేశాడు. ఊళ్ళో పుట్టేవాళ్ళకంటే చచ్చేవాళ్ళే ఎక్కువని తేల్చాడు. ప్లేగు, మశూచి, మురికినీళ్ళు, ఇరుకిళ్ళు. అయినా ఆ శతాబ్దంలో లండన్ జనాభా రెండు లక్షల నుంచి అయిదు లక్షలకు పెరిగింది! ఎలా? పట్నం చిల్లికుండ. పల్లెల నుంచి జనం వచ్చి పడుతున్నంత కాలం నిండుగా కనిపిస్తుంది. ఆ కాలపు పట్నాలకు చాలావరకు అంతే, వచ్చేవాళ్ళే ప్రాణం. బయటివాళ్ళొచ్చి ఊరు పాడుచేశారని అరుగుల మీద గొణిగే నా తోటి ముసలివాళ్ళకు ఈ గ్రాంటుగారి లెక్క చూపించాలని ఉంటుంది.

సరే, వరంగల్ నిజంగా కలిగిన ఊరేనా, తాత గొప్పలు చెప్తున్నాడా అని మీకు సందేహం రావాలి. రావాలి కూడా! దానికి సాక్షి సర్వాయి పాపన్న. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టాక తెలంగాణలో పట్టు సడలింది. గీత కార్మికుల ఇంట పుట్టిన పాపన్న షాపూర్‌లో కోట కట్టుకుని మొగలు ఫౌజుదార్లకు నిద్ర లేకుండా చేశాడు. 1708లో, కోటవాళ్ళంతా మొహర్రం ఏర్పాట్లలో మునిగి ఉన్న సమయం చూసి, వరంగల్ మీద పడ్డాడు. అతని మనుషులు దారులు మూసేసి, ఉచ్చుతాళ్ళు విసిరి గోడలెక్కారు. నగదు, బట్టలు కొల్లగొట్టారు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పాపన్నను తిట్టిపోస్తూనే ఈ కథ రాశాడు. మనవాళ్ళు మాత్రం అతన్ని పాటల్లో వీరుడిగా నిలుపుకున్నారు. ఎవరి పక్షం వాళ్ళది. నాకు కావలసింది ఒక్కటే: పాడుబడ్డ ఊరి మీదికి అంత తెగించి ఎవరూ పోరు. రాజు పోయిన 385 ఏళ్ళకు కూడా కొల్లగొట్టదగ్గ సంపద ఈ ఊళ్ళో ఉంది. ఆ సంపద కూడబెట్టింది షావుకార్లూ నేతగాళ్ళే, ఏ రాజూ కాదు.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయి. 1880ల్లో నిజాం రైలు వచ్చాక బజారంతా స్టేషన్ వైపు జరిగింది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది, అదీ మూతపడింది. కోట గోడ ఇప్పుడు ఊరికి హద్దు కాదు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఒక్క ఊరైపోయాయి. నేత మాత్రం కొత్తవాడలో నిలిచింది. ముడుల తివాచీ తగ్గిపోయి, జంపఖానా మిగిలింది. ఇందులో ముడులుండవు. పేకే పడుగును పూర్తిగా కప్పేస్తుంది, కాబట్టి రెండువైపులా ఒకే పువ్వు, తిరగేసి వాడుకోవచ్చు. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కాబట్టి ఈసారి వరంగల్ వస్తే కీర్తితోరణం ముందు ఫోటో దిగండి, వెయ్యిస్తంభాల గుడి చూడండి, వద్దనను. అక్కడి నుంచి ఆటో ఎక్కి కొత్తవాడకు వెళ్ళండి. పంజా దెబ్బ ఎలా పడుతుందో కాసేపు నిలబడి చూడండి, ఒక జంపఖానా కొనుక్కోండి. బేరమాడండి, కానీ మరీ గీచిగీచి ఆడకండి.