పిల్లల నడుం నొప్పి: ఎక్స్‌రే చెప్పేదెంత, చెప్పనిదెంత

"పిలకాయలకు నడుం నొప్పేందబ్బా, బడి ఎగ్గొట్టే వేషాలు కాకపోతే!" నెల్లూరు తీరంలో ఏ ఊళ్లోనైనా పెద్దల నోట వినపడే మాట ఇది. నిజానికి పదేళ్లు దాటిన పిల్లల్లో వీపు నొప్పి, నడుం నొప్పి చాలా మామూలు. వాళ్లలో ఎక్కువమందికి ఎన్ని పరీక్షలు చేసినా ఫలానా కారణమంటూ దొరకదు. కారణం దొరకనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఎదిగే వయసులో కండరాలు అలిసిపోతాయి, నిద్ర చాలదు, పరీక్షల బెంగ, ఇంట్లో గొడవ కూడా ఒంటి నొప్పిని పెంచుతాయి. మొదటి దెబ్బ మానిపోయాక కూడా నరాలు కొంతకాలం నొప్పి కబురు పంపుతూనే ఉంటాయి. పిల్లవాడు చెప్పేది నమ్మడం దగ్గరే వైద్యం మొదలవుతుంది.

నమ్మాక ముందుగా చూడాల్సింది ప్రమాద సూచనలు. రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి, సాయంత్రం పూట సన్నటి జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలం తగ్గడం లేదా తిమ్మిరి, కొత్తగా మలమూత్రాల మీద పట్టు తప్పడం, ఐదేళ్లలోపు బిడ్డకు నడుం నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం చెయ్యకూడదు. కాళ్లు చచ్చుబడుతున్నా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అదేరోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. మిగతావాటికి ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

మన దేశంలో ఈ సూచనల వెనుక తప్పక అనుమానించాల్సిన జబ్బు వెన్నుపూస క్షయ. దగ్గు లేదు కాబట్టి క్షయ కాదనుకుంటారు చాలామంది. వెన్నులో క్షయ ఉన్న పిల్లల్లో దగ్గు అసలు లేకపోవచ్చు. ఇంట్లోనే చూడదగ్గ గుర్తు ఒకటుంది. నేల మీద రూపాయి బిళ్ల వేసి తియ్యమనండి. మామూలు పిల్లలు నడుం వంచి చటుక్కున తీసేస్తారు. పూసలో జబ్బున్న బిడ్డ నడుం వంచడు. వీపు నిటారుగానే ఉంచి, ఒక చెయ్యి తొడ మీద ఆనించి, మోకాళ్లు మడుచుకుంటూ మెల్లగా కిందికి దిగి తీస్తాడు. నొప్పి పుట్టే చోటు కదలకుండా కండరాలు బిగుసుకుని కాపలా కాస్తాయి కాబట్టే అలా చేస్తాడు. వదిలేస్తే జబ్బు పూస ముందు భాగాన్ని తినేసి, పూస కూలిపోతుంది, వెనక గూని పొడుచుకొస్తుంది, నరాలు నలిగి కాళ్లు పడిపోవచ్చు. ఈ గూనినీ, పడిపోయే కాళ్లనూ కలిపి ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లోనే వర్ణించాడు. అప్పట్లో మందు లేదు. ఇప్పుడుంది, అదీ సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా. దాదాపు ఏడాదిపాటు మానకుండా మింగాలి. తిండి కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే డబ్బును 2024 నవంబరులో నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. గూని పడకముందే పట్టుకుంటే ఎక్కువమంది పిల్లలు ఆపరేషన్ అవసరం లేకుండానే కోలుకుంటారు.

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మనవైపు తరతరాల అలవాటు. వెన్ను సంగతి వేరు. జబ్బున్న పూసను ఎవరైనా గట్టిగా నొక్కినా, విరిచినా నరాలకు దెబ్బ తగులుతుంది. కారణం తేలేదాకా పిల్లల వీపు తొక్కించడం, మెటికలు విరిపించడం వద్దు. అవ్వ చేసే ఉప్పు కాపడం, మెత్తగా రాసే నూనె వల్ల నష్టం లేదు.

వెన్ను నొప్పికి కారణం వెతికి పట్టుకున్న చరిత్ర నెల్లూరు జిల్లాకే ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో మనుషుల నడుములు, మెడలు బిగుసుకుపోవడానికి కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్ అని 1937లో హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వైద్యలోకానికి తెలిసింది ఆ పరిశోధనతోనే. ఆ ఊళ్లు 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయాయి. సముద్రం ఒడ్డు ఊళ్లలో నీళ్ల ప్రధాన సమస్య ఉప్పు. ఫ్లోరైడ్ బాధ ఉదయగిరి వంటి మెట్ట వైపు ఎక్కువ. పిల్లల్లో అది మొదట పళ్ల మీద తెల్లటి, గోధుమరంగు మచ్చలుగా కనపడుతుంది, వెన్ను బిగుసుకోవడానికి ఏళ్లు పడుతుంది. మెట్ట నుంచి తీరానికి వచ్చి స్థిరపడిన కుటుంబమై, పిల్లల పళ్లు అలా ఉంటే, పాత ఊరి బోరు నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి.

ఆటల వల్ల వచ్చే నొప్పి ఇంకోటి. ఇసుకలో, పొలంగట్టు పిచ్ మీద పొద్దస్తమానం ఫాస్ట్ బౌలింగ్ వేసే కుర్రాళ్లకు నడుం కింది పూసలో వెనక వైపు సన్నటి పగులు రావచ్చు. వెనక్కి వంగితే నొప్పి, ఒంటికాలి మీద నిలబడి వంగితే ఇంకా నొప్పి. 2019లో భారత ఫాస్ట్ బౌలర్ బుమ్రాను ఆటకు దూరం చేసింది కూడా నడుములో ఇలాంటి పగులే. కొన్ని నెలలు బౌలింగ్ ఆపి, ఫిజియోథెరపీ చేస్తే సాధారణంగా తగ్గిపోతుంది.

ఇక నెల్లూరు పొగతోట ఆసుపత్రిలో బిడ్డకు ఎక్స్‌రే తీయించి, ఆ పెద్ద కవరు చేతబట్టుకుని మైపాడు బస్సులో కూర్చున్న తల్లి భయం గురించి చెప్పాలి. రిపోర్టులో 'స్పైనా బైఫిడా అకల్టా' అని రాసి ఉంటుంది. నడుం కింది పూస వెనక భాగం పూర్తిగా అతుక్కోలేదని దాని అర్థం. ఇది పదిమందిలో ఒకరికి ఉండే తేడా, నూరేళ్లు బతికినా చాలామందికి తెలియను కూడా తెలియదు. సాధారణంగా నొప్పికి కారణం అది కాదు. ఆ చోట చర్మం మీద వెంట్రుకల కుచ్చు, గుంట, కణితి లాంటిది ఉంటేనో, పాదం వంకర తిరుగుతుంటేనో లోతుగా చూడాలి. అవేవీ లేని బిడ్డకు ఆ పేరు జీవితాంతం తగిలించి ఆటలు మాన్పించడం అన్యాయం.

'మైల్డ్ స్కోలియోసిస్' అని ఉందనుకోండి. వెన్ను పక్కకు వంగి, కొంచెం మెలి తిరిగిందన్నమాట. ఆ వంపును కాబ్ కోణంతో కొలుస్తారు. 10 డిగ్రీలు దాటితేనే దానికి స్కోలియోసిస్ అని పేరు. ఇలాంటి వంపు ఎదిగే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, ఎక్కువమందిలో కారణం తెలియదు. బడి సంచి వల్ల రాదు, వంగి కూర్చోవడం వల్ల రాదు, తల్లి ఏదో తినడం వల్ల అసలే రాదు. సంచి బరువు ఒంటి బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి కేంద్ర విధానం చెప్పింది నిజమే. అది వీపు నొప్పి తగ్గడానికి మంచిది, వంపుకు దానికీ సంబంధం లేదు. తక్కువ వంపు ఉన్న చాలామందికి నొప్పే ఉండదు. అంటే వంపు ఒకటి, నొప్పి ఇంకోటి అయ్యుండవచ్చు.

వంపును ఇంట్లో చూసే పద్ధతి 1865 నుంచీ ఉంది. వీపు కనపడేలా నిలబెట్టి, పాదాలు, అరచేతులు జోడించి, మోకాళ్లు మడవకుండా ముందుకు వంగమనండి. వెనక నుంచి చూస్తే పక్కటెముకలు ఒకవైపు ఎత్తుగా లేచి కనపడితే డాక్టరుకు చూపించాలి. ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం బడికి వచ్చిన రోజు వెన్ను కూడా చూడమని అడగవచ్చు.

25 డిగ్రీల లోపు వంపుకు చేసేది కనిపెట్టుకుని ఉండడమే. ఎదిగే వయసులో ఆరునెలలకోసారి చూపిస్తే సరిపోతుంది. దాటి, ఇంకా ఎదుగుదల మిగిలి ఉంటే బెల్టు వేస్తారు. బెల్టు పనిచేస్తుందా అన్న పాత అనుమానాన్ని అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో జరిగి 2013లో వెలువడిన పరిశోధన తీర్చింది. బెల్టు వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి, వేసుకోనివాళ్లలో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది. రోజుకు ఎన్ని ఎక్కువ గంటలు వేసుకుంటే అంత మేలు. మన ఉక్కపోతలో అది చిన్న విషయం కాదు. లోపల ముడతలు లేని నూలు బనియను వేసి, చెమటకు తడిసినప్పుడల్లా మార్చాలి.

తేలికపాటి వంపుతోనో, కారణం తెలియని నొప్పితోనో బతకడం అంటే మంచం పట్టడం కాదు. నొప్పి మరీ ఎక్కువైన రోజు విశ్రాంతి, వేడి కాపడం, డాక్టరు బరువును బట్టి చెప్పిన పారాసెటమాల్. మర్నాటి నుంచి మెల్లగా నడక, సైకిలు, ఈత. రోజుల తరబడి పడుకుంటే కండరాలు నీరసించి నొప్పి ముదురుతుంది. తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పిల్లల్ని బెంచీలకు అతికించే హాస్టల్ చదువులు ఈ జిల్లాలో బాగా పెరిగాయి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యనివ్వమని వార్డెన్‌కు గట్టిగా చెప్పే హక్కు తల్లిదండ్రులకుంది. "నొప్పి ఎంతుంది?" అని గంటకోసారి అడగకండి. "ఈరోజు ఏం ఆడావు?" అని అడగండి. ఉసేన్ బోల్ట్‌కు స్కోలియోసిస్ ఉంది. శ్రద్ధగా వ్యాయామాలు చేసుకుంటూనే 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల స్వర్ణాలు గెలిచాడు.

ఆడపిల్లల విషయంలో నాకు ఎక్కువ బాధ. పెళ్లికి అడ్డమవుతుందని వంపును చున్నీ చాటున దాచి, చూపించాల్సిన వయసులో చూపించరు. ఎక్కువగా పెరిగే వంపులు ఆడపిల్లల్లోనే, అదీ పెద్దమనిషి కావడానికి ముందు, వెనక వచ్చే ఎదుగుదలలోనే. తేలికపాటి వంపు కాన్పుకు అడ్డం కాదు, ఉద్యోగానికీ కాదు. ఎదుగుదల ఆగాక 30 డిగ్రీల లోపు వంపు సాధారణంగా పెరగదు.

పాత ఫిల్ములన్నీ ఒకే కవరులో దాచి, వెళ్లిన ప్రతిసారీ తీసుకుపోండి. కొలతలోనే ఐదు డిగ్రీల దాకా తేడా రావచ్చు, కాబట్టి 14 ఉన్నది 17 అయిందని రాసినంత మాత్రాన వంపు పెరిగినట్టు కాదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టరు ఆ సంగతి తేల్చగలరు.