ఇంటి పాలతో కుల్ఫీ, పుల్ల ఐసు

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తి తీతలు ముగిసి, మిరపకాయలు కల్లములలో ఎండు నాటికి ఎండలు ముదురును. బడులకు సెలవులు వచ్చును. పుల్ల ఐసు బండి గంట వినబడగానే పిల్లలు పరుగెత్తుదురు. ఆ ఐసు ఏ నీటితో చేసినదో కొనువారికి తెలియదు. నీరు గడ్డకట్టినంత మాత్రమున అందలి రోగక్రిములన్నియు చావవు. విరేచనములు, టైఫాయిడు, కామెర్లు అపరిశుభ్రమైన నీటివలన వ్యాపించు వ్యాధులే. ఇంట గేదె ఉన్న రైతు కాచిన పాలతో, కాచిన నీటితో పిల్లలకు చల్లని తినుబండారములను చౌకగా తన ఇంటనే చేసికొనవచ్చును. ఇందుకు ఫ్రిజ్ లేకున్నను ఇబ్బంది లేదు.

ఉప్పు చేయు పని

ఐసు 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. చక్కెర కలిపిన చిక్కని పాలు అంతకు 2, 3 డిగ్రీలు దిగువకు పోయినగాని గడ్డకట్ట నారంభింపవు. కావున వట్టి ఐసులో ఎంతసేపు ఉంచినను పాలు చల్లబడునే గాని గట్టిపడవు. ఐసులో ఉప్పు కలిపినచో అది త్వరగా కరగును. కరగుటకు కావలసిన వేడిని తన చుట్టు ఉన్న పాలనుండి లాగుకొనును. 3 వంతుల ఐసుకు 1 వంతు ఉప్పు కలిపినచో చల్లదనము సున్నకు దిగువన సుమారు 20 డిగ్రీల వరకు పోగలదు. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అను ఆమె పేటెంటు పొందిన, చేతితో త్రిప్పు ఐస్‌క్రీం యంత్రమునకును ఇదియే ఆధారము. చినగంజాము ఉప్పుమళ్ళలో దొరకు రాళ్ళ ఉప్పు ఇందుకు చాలును.

కుల్ఫీకి కావలసినవి

గేదె పాలు 2 లీటర్లు, చక్కెర 150 గ్రాములు, ఏలకులు 4, ఐసు 6 కిలోలు, రాళ్ళ ఉప్పు 2 కిలోలు.

చేయు విధానము

పాలను వెడల్పు గిన్నెలో పోసి, అడుగంటకుండ కలుపుచు సగమునకు ఇగురబెట్టవలెను. వంటచెరకు పొదుపు చేయదలచినవారు మూడవ వంతు ఇగిరిన పిదప, 2 చెంచాల బియ్యపు పిండిని చల్లని పాలలో కలిపి పోసి, ఉడుకనీయవచ్చును. తరువాత చక్కెర, ఏలకుల పొడి వేయవలెను. చల్లని పదార్థములో తీపి తక్కువగా తెలియును గనుక పాయసమునకన్న కొంచెము ఎక్కువ తీపి ఉండవలెను. గేదె పాలలో వెన్న ఎక్కువగుటచే కుల్ఫీ పలుకులు కట్టక నున్నగా వచ్చును.

పాలు పూర్తిగా చల్లారిన తరువాత మూతగల చిన్న స్టీలు డబ్బాలలో ముప్పాతిక వంతు మాత్రమే పోయవలెను. గడ్డకట్టునపుడు పాలు పొంగును. మూతల సందును గోధుమపిండి ముద్దతో మూయవలెను. కుండలో ఐసు ముక్కలు, ఉప్పు వరుస వరుసగా వేసి, మధ్య డబ్బాలను పూడ్చి, గోనెసంచి కప్పి, చుట్టు ఊక పోయవలెను. మిరపకాయలు నింపిన గోనెసంచి పనికిరాదు. దాని ఘాటు కండ్లకు, పదార్థమునకు అంటును. కుండను అప్పుడప్పుడు కదుపుచుండినచో సుమారు 3 గంటలలో కుల్ఫీ గట్టిపడును.

పుల్ల ఐసు

కాచి చల్లార్చిన నీరు 1 లీటరు, చక్కెర 150 గ్రాములు, నిమ్మకాయలు 3. అన్నియు కలిపి వడకట్టి, సన్నని స్టీలు గ్లాసులలో పోసి, మూతలు బిగించి, పై విధముగనే ఉంచవలెను. సగము గట్టిపడగానే నీటిలో ఉడికించిన పుల్లను గ్రుచ్చి, మరల మూయవలెను. నిమ్మరసమునకు బదులు మామిడి గుజ్జు కలుపవచ్చును. చక్కెర మరీ ఎక్కువైనచో త్వరగా గడ్డకట్టదు. ఫ్రిజ్ ఉన్నవారు ఐసు, ఉప్పు లేకుండ పై అరలో ఒక రాత్రి ఉంచిన చాలును.

మరువరాని జాగ్రత్తలు

1. పత్తికి, మిరపకు చల్లిన పురుగుమందుల ఖాళీ డబ్బాలను, డ్రమ్ములను ఐసుకుగాని, నీటికిగాని, ఉప్పుకుగాని వాడరాదు. ఎన్నిసార్లు కడిగినను విషము పూర్తిగా పోదు. ఇది ప్రాణములతో కూడిన విషయము.

2. చేపలు నిలువచేయుటకు అమ్ము ఐసు దిమ్మలు కుండలో వేయుటకే గాని తినుటకు కాదు. ఆ ముక్కలను షరబతులో వేయరాదు. డబ్బాల మూతలు తీయుటకు ముందు పైనంటిన ఉప్పునీటిని మంచినీటితో కడిగి, తుడువవలెను.

3. ఉప్పు కలిపిన ఐసును వట్టిచేతితో పట్టినచో చర్మము కాలినట్లు పుండగును. పిల్లలను దూరముగా ఉంచవలెను.

4. కరెంటు పోయి కరగిన కుల్ఫీని మరల గడ్డకట్టించి తినరాదు.

5. మిగిలిన ఉప్పునీటిని పొలములో, పెరటి మొక్కల మొదట పోయరాదు. ఉప్పుచే నేల చెడును. మిరప ఉప్పునేలకు తట్టుకొనదు. వెడల్పు పళ్ళెములో ఎండబెట్టినచో ఉప్పు మిగులును. అది తినుటకు పనికిరాదు గాని మరియొకసారి కుల్ఫీ కుండకు పనికివచ్చును.

పైన చెప్పిన పాళ్ళతో చిన్న డబ్బాలు 12 వరకు కుల్ఫీ వచ్చును. కేంద్రమునకు పోయు పాలలో 2 లీటర్లు ఒక్కపూట ఇంట నిలుపుకొన్నచో ఇంటిల్లిపాదికిని సరిపోవును.