పొడవైన కంటిలో కటకము కుదురుగా నిలుచుట ఎట్లు?

దూరపు వస్తువులు మసకగాను, దగ్గరివి స్పష్టంగాను కనబడే దోషమును హ్రస్వదృష్టి అంటారని పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. పుటాకార కటకముతో దోషము సవరించవచ్చునన్న మాటతో ఆ పాఠము ముగుస్తుంది. మైనస్ పది, పదిహేను డయాప్టర్ల అద్దాలు వాడేవారి కథ మాత్రం అంతటితో ముగియదు. వారికి కంటిలో శుక్లము ఇతరులకన్న కొంత ముందుగానే రావచ్చును. దానిని తీసి కృత్రిమ కటకమును అమర్చినపుడు, అది పెట్టినచోట కదలక నిలుస్తుందా? కంటి వైద్యులను చాలకాలముగా వేధిస్తున్న ప్రశ్న ఇది.

మామూలు కంటిగుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 24 మి.మీ. పొడవుంటుంది. 26 మి.మీ. దాటితే దానిని పొడవైన కన్నుగా లెక్కిస్తారు. 30 మి.మీ. దాటిన కళ్ళు కూడా అరుదుగా కనబడతాయి. గుడ్డు ఇట్లా సాగినప్పుడు వెనుకనున్న నేత్రపటలము పలుచబడుతుంది. గుడ్డును నింపి ఉంచే కాచాభ ద్రవము చిక్కదనము కోల్పోయి త్వరగా నీరుగారుతుంది. అందువల్ల కటకమునకు వెనుకనుండి ఉండవలసిన ఆనిక తగ్గుతుంది.

సహజ కటకము ఒక పలుచని పారదర్శకమైన సంచిలో ఉన్నది. గుడారమును చుట్టూ తాళ్ళు లాగి పట్టినట్లు, ఆ సంచి అంచును వందలాది సన్నని పోగులు చుట్టునుండి పట్టి ఉంచుతాయి. శస్త్రచికిత్సలో సంచి ముందుపొరను గుండ్రముగా కోసి, మసకబారిన పదార్థమును తీసివేసి, మిగిలిన ఖాళీ సంచిలో కృత్రిమ కటకమును ఉంచుతారు. మొదటిసారి ఈ పని చేసినవాడు హెరాల్డ్ రిడ్లీ. 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఈ ప్రయత్నము జరిగింది. రిడ్లీ కటకమునకు నేటివలె చేతులు లేవు, పైగా బరువెక్కువ. కొందరి కళ్ళలో అది జారిపోయింది. అంటే కుదురు సమస్య ఈ చికిత్సతోపాటే పుట్టినదన్నమాట.

ఇప్పటి కటకము మధ్యభాగము సుమారు 6 మి.మీ. వెడల్పు. దానికి రెండు వంపు చేతులుంటాయి. చేతులు స్ప్రింగులవలె విచ్చుకొని సంచి అంచును నొక్కి పట్టుకొంటాయి. కొన్ని వారాలలో సంచి పొరలు ముడుచుకొని కటకమును బిగిస్తాయి. అంతవరకు దానికి చేతుల ఒత్తిడే ఆధారము. పొడవైన కంటిలో సంచి తరచు పెద్దదిగా ఉంటుంది. చిన్న దిండుకు పెద్ద గలీబు తొడిగితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది.

ఇందులో ఒక విచిత్రమున్నది. మామూలు కంటికి 20 డయాప్టర్ల వంటి శక్తిగల కటకము కావలెను. 30 మి.మీ. కంటికి మూడు నాలుగు డయాప్టర్లే చాలవచ్చును, ఒక్కొక్కప్పుడు సున్నా కూడా. శక్తి తక్కువైన కటకము ముందుకో వెనుకకో కొంచెము జరిగినా చూపు అంతగా మారదు. అటువంటప్పుడు దాని కుదురును గురించి చింత ఎందుకు?

చింత దొర్లుడు వల్ల. చాలమంది కంటి ముందు పారదర్శక పొర బంతివలె గాక, ఒక దిశలో ఎక్కువ వంపుతో ఉంటుంది. అద్దాల చీటీలో సిలిండరు, యాక్సిస్ అని రాసేది ఇందుకే. ఆ దోషమును కూడా సవరించుటకు సిలిండరు శక్తిని కలిపి చేసిన కటకమును టోరిక్ కటకము అంటారు. అది నిర్ణీత కోణములోనే నిలువవలెను. ఎంత తిరిగితే ఎంత నష్టమో విద్యార్థులు తామే లెక్కించవచ్చును: తిరిగిన కోణపు సైన్ విలువను రెట్టించి సిలిండరు శక్తితో గుణించితే మిగిలిపోయే దోషము వస్తుంది. 3 డయాప్టర్ల సిలిండరు 10 డిగ్రీలు తిరిగితే, 2 × 0.174 × 3, అనగా ఒక డయాప్టరు పైచిలుకు మిగులుతుంది. 30 డిగ్రీల సైన్ అర గనుక, అంత తిరిగితే కటకము వల్ల దోషము ఏమాత్రము తగ్గదు. పైగా దోషపు దిశ కూడా మారుతుంది.

తిరగడము చాలవరకు మొదటి ఒకటి రెండు రోజులలోనే జరుగుతుంది. అందుచేత జాగ్రత్త శస్త్రచికిత్స బల్లమీదనే మొదలు కావలెను. సంచి ముందుపొరలో కోసే రంధ్రము 5 మి.మీ., లేక కొంచెము పైన ఉండి, కటకపు అంచును చుట్టూ కప్పవలెను. చికిత్సలో కంటిని నింపుటకు వాడే జిగురు ద్రవమును కటకము వెనుకనుండి కూడా పూర్తిగా తీసివేయవలెను. లేకుంటే సబ్బునీటిపై పలకవలె కటకము జారుతుంది. చిన్న పనిగా కనబడినా, దీనిని నిర్లక్ష్యము చేస్తే ఎంత మంచి కటకమైనా దండగే.

మరొక సాధనము సంచిలో పెట్టే ఉంగరము. 1991లో జపానులో హారా మొదలైనవారు ఇట్టి ఉంగరమును వర్ణించారు. ఇది ఒకచోట తెగియున్న సన్నని ప్లాస్టిక్ వలయము. సంచిలో పెట్టగానే విచ్చుకొని అంచును లోపలినుండి చాపుతుంది. గుడారపు బట్ట అంచులో బెత్తము దూర్చినట్లు, కొన్ని తాళ్ళు తెగినా బట్ట ముడుచుకుపోదు, బరువు మిగిలిన తాళ్ళకు పంచబడుతుంది. అయితే ఉంగరము కొత్త తాళ్ళను పుట్టించలేదు. పొడవైన కంటిలో పోగులు బలహీనముగా ఉండే అవకాశమెక్కువ. ఏళ్ళు గడిచాక అవి తెగితే కటకము, సంచి, ఉంగరము అన్నీ కలిసి వెనుకకు జారవచ్చును.

అప్పుడు కటకమును తెల్లగుడ్డు గోడకే బిగించవలసి వస్తుంది. పూర్వము దారముతో కుట్టేవారు, ఆ దారము కొన్నేళ్ళకు తెగిపోయిన సందర్భాలున్నవి. 2007లో చెన్నైలో అమర్ అగర్వాల్ కటకపు చేతులను గోడలోని సొరంగములో దూర్చి, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడే ప్రోటీనుతో చేసిన జిగురుతో అతికించే పద్ధతిని ప్రారంభించారు. 2017లో జపాను వైద్యుడు యమానే ప్రకటించిన పద్ధతిలో జిగురు కూడా లేదు. సన్నని సూదులతో చేతుల కొనలను బయటికి తెచ్చి కొద్దిగా వేడి తగిలిస్తారు. కొన కరిగి మేకు తలవలె ఉబ్బుతుంది. దానిని వెనుకకు నెట్టితే గోడలో చిక్కుకొని, ఇక లోపలికి జారదు.