ముద్ర సర్కారుది... చెయ్యి ప్రైవేటుది

పైలట్‌ను పరీక్షించే అధికారం ప్రభుత్వం ఎవరికి ఇస్తోంది? ఆ పరీక్షకుడి మీద కన్నేసి ఉంచేదెవరు?

మండపేటలో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపేవాళ్లను బాయిలర్ తనిఖీ గురించి కదిపి చూడండి. ఆ రోజు దగ్గరపడితే మిల్లులో ఎంత హడావుడో వాళ్లే చెబుతారు. ఆవిరి ఒత్తిడికి మొహమాటం ఉండదు. అందుకే తెల్లవాడి హయాంలోనే, 1923లో, బాయిలర్లకంటూ ఒక చట్టం వచ్చింది. ఆ తనిఖీ చాలాకాలం సర్కారు ఇన్‌స్పెక్టర్ల పనే. 2007 సవరణతో, అర్హత నిరూపించుకున్న ప్రైవేటు నిపుణులకూ అందులో చోటు దక్కింది.

విమానయానంలోనూ ఇదే పద్ధతి. పైలట్ ఆరోగ్యం బాగుందని సంతకం పెట్టే డాక్టరు, విమానం నడపడం వచ్చిందని రాసిచ్చే ఎగ్జామినరు చాలాసార్లు సర్కారు ఉద్యోగులు కారు. సొంత ప్రాక్టీసో, మరో ఉద్యోగమో ఉన్నవాళ్లు. అర్హతలు చూపించి ఆమోదం కోరతారు. ప్రభుత్వం పరిశీలించి తన ముద్ర వాళ్ల చేతికిస్తుంది. మధురపూడిలో విమానమెక్కి హైదరాబాద్ వెళ్లే మండపేట వ్యాపారికి, కాక్‌పిట్‌లో కూర్చున్నవారి లైసెన్సు వెనుక ఇంత తతంగం ఉందని తెలియదు. తెలియాల్సిన అవసరం అతనికీ పడలేదు, నిన్నమొన్నటి వరకు.

ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది అమెరికాలో. అక్కడ పైలట్ లైసెన్సు పరీక్షల్లో అత్యధికం ‘డిజిగ్నేటెడ్ పైలట్ ఎగ్జామినర్లే’ పెడతారు. ఎగ్జామినర్ కావాలంటే వేల గంటలు విమానం నడిపి ఉండాలి, ఇతరులకు నేర్పిన అనుభవమూ ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అర్హత ఉంది కదా అని పిలుపు రాదు. తమ ప్రాంతంలో ఎగ్జామినర్ల అవసరం ఉందని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ స్థానిక కార్యాలయం భావిస్తేనే ఎంపిక. ఆపైన ప్రత్యేక శిక్షణ, నిఘా. ఇది హక్కు కాదు. ఎఫ్‌ఏఏ ఎప్పుడైనా, తనకు సబబని తోచిన ఏ కారణంతోనైనా వెనక్కి తీసుకోవచ్చని నిబంధనల్లోనే రాసుకున్నారు.

ఇంత పకడ్బందీగా ఉన్నా ఒక తిరకాసు ఉంది. ఎగ్జామినర్‌కు జీతం ప్రభుత్వం ఇవ్వదు. పరీక్షకు వచ్చే విద్యార్థే నేరుగా ఫీజు కడతాడు. ఆ ఫీజు ఎంతో ఎఫ్‌ఏఏ నిర్ణయించదు. కొన్నిచోట్ల వెయ్యి డాలర్లు దాటుతోంది. ఎగ్జామినర్లు తక్కువ, విద్యార్థులు ఎక్కువ కావడంతో శిక్షణ పూర్తయినా పరీక్ష తేదీ కోసం వారాల తరబడి కాచుక్కూర్చోవాలి. మన జిల్లాల నుంచి అప్పు చేసి అక్కడికి వెళ్లే పిల్లలకు ఈ ఎదురుచూపు అద్దెల రూపంలో, భోజనం ఖర్చుల రూపంలో తెలిసొస్తుంది. ఏజెంట్లు చూపించే ఖర్చుల పట్టికలో ఈ వారాలు ఉండవు.

మన దేశంలో ఆ ముద్ర పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) చేతిలో ఉంది. పెద్ద విమానయాన సంస్థలు తమ సీనియర్ కెప్టెన్లలో కొందరిని ఎగ్జామినర్లుగా ప్రతిపాదిస్తాయి. డీజీసీఏ వాళ్ల పనితీరు చూసి ఆమోదిస్తుంది. జీతం సంస్థది, సంతకం సర్కారుది. వాళ్లందరిపై నిఘా వేసేది డీజీసీఏలోని ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు. ఈ పోస్టులకు అనుభవజ్ఞులైన పైలట్లు కావాలి. కానీ ఎయిర్‌లైన్ జీతం వదులుకుని సర్కారు కొలువుకు వచ్చేదెవరు? అందుకే ప్రకటన ఇచ్చి, కాంట్రాక్టు పద్ధతిలో తీసుకుంటున్నారు.

ఈ కొరత 2014లో దేశం పరువు తీసింది. నిఘాకు తగినంత సిబ్బంది లేరంటూ ఎఫ్‌ఏఏ ఆ ఏడాది జనవరి 31న భారత్‌ను భద్రతా రేటింగులో రెండో కేటగిరీకి దించేసింది. మన విమానయాన సంస్థలు అమెరికాకు కొత్త సర్వీసులు వేసుకునే వీల్లేకుండా పోయింది. అప్పటికప్పుడు ఇన్‌స్పెక్టర్ల నియామకాలు మొదలుపెడితే, 2015 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి కేటగిరీ దక్కింది. పదేళ్లు గడిచాయి. డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయ్యాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకున్నారు. ఆ తర్వాత డీజీసీఏ ఇంటికి పంపింది నలుగురు ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లను. ఉన్నవాళ్లే సగం, అందులో నలుగురిని తీసేస్తే నిఘా పెరుగుతుందా అన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్న.

ప్రైవేటు చేతికి ముద్ర ఇవ్వడమే తప్పంటారు కొందరు. 2011 సంగతి గుర్తుచేసుకుంటే ఆ మాట నిలవదు. గోవాలో ఓ విమానం ముందుచక్రం మీద దిగడంతో తీగ కదిలింది. దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సులు సంపాదించిన పైలట్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. ఆ కేసులో డీజీసీఏ సిబ్బందీ అరెస్టయ్యారు. సర్కారు ఉద్యోగి అయినంత మాత్రాన సంతకం పవిత్రమైపోదు.

అలాగని ఎవరి పని వాళ్లే పరీక్షించుకోమంటే ఏమవుతుందో బోయింగ్ చూపించింది. 737 మ్యాక్స్ డిజైను పరిశీలనలో చాలా భాగాన్ని ఎఫ్‌ఏఏ ఆ కంపెనీ ఉద్యోగులకే అప్పగించింది. 2018, 2019లలో రెండు విమానాలు కూలి 346 మంది పోయారు. 2020 చివర్లో అమెరికా చట్టం మార్చి ఆ అప్పగింతలకు పగ్గం వేసింది.

ఈ అనుభవం నేర్పిన జాగ్రత్త మన వరిచేల దాకా రాలేదు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల పైలట్లకు 2022 ఫిబ్రవరి దాకా లైసెన్సు డీజీసీఏ ఇచ్చేది. ఆ నెల సవరణతో లైసెన్సు పోయి సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ఇచ్చేది డీజీసీఏ ఆమోదం పొందిన శిక్షణ సంస్థే. పాఠం చెప్పేదీ వాళ్లే, ఫీజు తీసుకునేదీ వాళ్లే, పాసయ్యావని రాసిచ్చేదీ వాళ్లే. పథకాలు, సబ్సిడీలు వచ్చి డ్రోన్లు పెరుగుతున్న వేళ ఈ మూడు పనులూ ఒకేచోట ఉండటం మంచిది కాదు. కనీసం పరీక్ష రోజైనా బయటి ఎగ్జామినర్ రావాలి. ఆయన ఫీజు విద్యార్థి చేతి నుంచి కాకుండా డీజీసీఏ ద్వారా అందాలి.

ఆ మార్పు ఎప్పుడొస్తుందో గానీ, ఇంట్లో ఎంపీసీ చదివిన పిల్లో, పిల్లాడో ‘పైలట్ అవుతాను’ అంటుంటే కొన్ని పనులు మీరే చేసుకోవచ్చు. పొలం అమ్మకముందే, అప్పు పత్రం మీద సంతకం పెట్టకముందే డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గర క్లాస్-2 వైద్య పరీక్ష చేయించండి. కంటి సమస్యో మరోటో ఉంటే అక్కడే తేలిపోతుంది. శిక్షణ సంస్థకు ఆమోదం ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూడండి, గ్రేడు కూడా చూడండి. 2025లో ఇచ్చిన తొలి గ్రేడుల్లో దేశంలో ఏ ఒక్క సంస్థకూ ‘ఏ ప్లస్’ గానీ ‘ఏ’ గానీ రాలేదు. తర్వాత సంస్థవాళ్లను సూటిగా అడగండి: పోయినేడు మీ దగ్గర ఎంతమంది లైసెన్సు తీసుకున్నారు? ఒక్కొక్కరికి ఎన్ని నెలలు పట్టింది? నైపుణ్య పరీక్ష పెట్టిన ఎగ్జామినర్ ఎవరు, ఆయన మీ జీతగాడేనా? నీళ్లు నమిలితే డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.