కొంకణ్ రాతిమీద రథచక్రాల జాడ

చంద్రపూర్ నుంచి నాగ్‌పూర్ దారిలో పాతిక కిలోమీటర్లు దాటగానే భద్రావతి వస్తుంది. పాత పేరు భాందక్. ధర్మరాజు అశ్వమేధానికి భీముడు గుర్రాన్ని పట్టి తెచ్చింది ఈ ఊరి నుంచేనని, యౌవనాశ్వుడి రాజధాని ఇదేనని అక్కడ చెప్పుకుంటారు. పిల్లలమర్రి పిన వీరభద్రుడు తెలుగు చేసిన జైమిని భారతంలోని కథ అది. ఊళ్లో విజాసన్ బౌద్ధ గుహలున్నాయి, పేరున్న జైన మందిరం ఉంది, భద్రనాగ దేవుడి గుడి ఉంది. గుర్రం కథకు మాత్రం ఊరి నమ్మకమే సాక్ష్యం.

పుస్తకంలోని ఊరిని ఇలా నేలమీద వెతకడం యూదుల లేఖనాల విషయంలో దాదాపు రెండు వందల ఏళ్లుగా ఓ శాస్త్రంలా సాగుతోంది. క్రైస్తవులు పాత నిబంధనగా చదివే ఆ గ్రంథాల నిండా ఊళ్ల పేర్లే. ఏ రాజు ఏ లోయలో దిగాడు, ఏ ఊటనీళ్లు తాగాడు, అంతా పేర్లతో సహా ఉంటుంది. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికన్ పండితుడు, అరబ్బీ బాగా వచ్చిన ఎలీ స్మిత్‌ను వెంటబెట్టుకుని పాలస్తీనా అంతా తిరిగాడు. గడ్డపార పట్టకుండానే పని సాధించాడు. పల్లెవాళ్లు తమ ఊరిని ఏమంటున్నారో చెవిపెట్టి విన్నాడు. అనాతా అంటే యిర్మీయా ప్రవక్త పుట్టిన అనాతోతు, ముఖ్మాస్ అంటే మిక్మషు, అల్ జీబ్ అంటే గిబియోను అని తేల్చాడు. రాజ్యాలు మారి, మతాలు మారి, భాష మారినా పల్లెటూళ్లు తమ పేర్లను వదల్లేదు.

చెవికి తోచినదంతా నిజమవుతుందా? గిబియోను విషయంలో జవాబు దొరకడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1956లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తరఫున జేమ్స్ ప్రిచర్డ్ అల్ జీబ్‌లో తవ్వకాలు మొదలుపెట్టాడు. ద్రాక్షసారా వ్యాపారం జోరుగా సాగిన ఊరది. అక్కడ దొరికిన జాడీల పిడులమీద పాత హీబ్రూ లిపిలో ఊరి పేరు చెక్కి ఉంది: గిబియోను. దాంతో రాబిన్సన్ మాట ఖాయమైంది. అదే తవ్వకాల్లో రాతిని తొలిచి చేసిన పెద్ద దిగుడుబావి బయటపడింది. వెడల్పు 11 మీటర్ల పైచిలుకు, లోతూ దాదాపు అంతే. గోడ చుట్టూ మెలికలు తిరుగుతూ మెట్లు కిందికి దిగుతాయి. ఎదురెదురు సేనల నాయకులైన అబ్నేరు, యోవాబుల మనుషులు గిబియోను కొలనుకు ఇటూ అటూ కూర్చుని, పన్నెండు మందికి పన్నెండు మంది కలబడి చచ్చిన ఘట్టం సమూయేలు రెండో గ్రంథంలో ఉంది. ఆ కొలను ఇదేనని ఒట్టేసి చెప్పలేం గానీ, ఆ కథ చదివిన వాళ్లెవరికైనా ఈ బావి అంచున నిలబడితే కాసేపు మాట రాదు.

యెరూషలేములో సాక్ష్యం ఇంకా గట్టిది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చాడు. శత్రువుకు నీళ్లు దక్కకూడదని హిజ్కియా రాజు గీహోను ఊటను పట్టణం లోపలికి మళ్లించాడని గ్రంథం చెబుతుంది. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. పొడవు 533 మీటర్లు. మోకాళ్లలోతు నీళ్లలో టార్చిలైట్లు పట్టుకుని యాత్రికులు నడుస్తారు. 1880లో అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు గోడమీద రాత కనబడింది. రెండు చివరల నుంచి తవ్వుకుంటూ వచ్చిన కూలీలు మధ్యలో రాతి అవతల ఒకరి గొంతు ఒకరు విన్నారని అందులో ఉంది. రాజు పేరు లేదు, దేవుడి పేరూ లేదు. పనివాళ్ల సంబరమే ఉంది. ఆ రాయి ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

నేల ప్రతిసారీ పుస్తకానికి వంత పాడదు. యెరికోలో కూలిన గోడలు చూసి, గ్రంథంలో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ ఊదించిన బూరలకు పడినవి ఇవేనని 1930లలో పురావస్తు శాస్త్రవేత్త జాన్ గార్‌స్టాంగ్ ప్రకటించాడు. 1952-58 మధ్య మరో పురావస్తు శాస్త్రవేత్త కాత్లీన్ కెన్యన్ అక్కడి మట్టి పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూసింది. ఆ గోడలు అతను చెప్పిన కాలానికి సుమారు వెయ్యేళ్ల ముందువని తేలింది. ఇక సీనాయి కొండ సంగతి. ధర్మశాస్త్రం దిగివచ్చిన ఆ కొండ ఏదో యూదు సంప్రదాయం గుర్తుపెట్టుకోలేదు. ఇప్పుడు యాత్రికులు ఎక్కే జెబెల్ మూసా క్రైస్తవ సన్యాసులు గుర్తించిన కొండ.

మరి ఆ నేలకు వేల మైళ్ల దూరంలో బతికిన యూదుల మాటేమిటి? గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిములు ఉన్నారు. తాము ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే ఈ కుటుంబాలు 1990ల మొదట్లో అక్కడ సినగాగ్ కట్టుకున్నాయి. వారి మూలాల మీద పండితుల వాదనలు తెగలేదు.

మహారాష్ట్రలో అంతకంటే పాత సమాజం బెనే ఇజ్రాయెల్. కొంకణ్ తీరంలో నవగావ్ దగ్గర ఓడ పగిలి, ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకు చేరారని, తాము వారి సంతతేనని వాళ్లు చెప్పుకుంటారు. గానుగ పట్టి నూనె తీసేవారు. శనివారం విశ్రాంతి దినం కనుక పని ముట్టేవారు కాదు. అందుకే ఊళ్లోవాళ్లు వారిని శనివార్ తేలీలు (శనివారం గానుగవాళ్లు) అన్నారు.

వీరికి ఏలీయా ప్రవక్త అంటే ప్రాణం. గ్రంథం ప్రకారం ఏలీయా అగ్నిరథమెక్కి ఆకాశానికి వెళ్లింది యొర్దాను నది అవతల, యెరికో ఎదుట. బెనే ఇజ్రాయెల్ పెద్దలు మాత్రం అలీబాగ్ దగ్గరి ఖండాలాలో ఒక రాతిని చూపిస్తారు. లోనావాలా పక్కనున్న ఘాట్ ఊరు కాదిది, వేరే ఖండాలా. ఆ రథం ఈ నేలను తాకిందని, రాతిమీది గుర్తులు చక్రాల జాడలూ గుర్రపు డెక్కలూ అని వారి నమ్మకం. మొక్కు తీరితే అక్కడికి వెళ్లి మలీదా పెడతారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి, బెల్లమో చక్కెరో కలిపి, పళ్లు చేర్చి, ప్రవక్త పేరున ప్రార్థన చదివి పంచుతారు. అటుకులు, కొబ్బరి కొంకణ్‌వి. ప్రార్థన హీబ్రూది.

ప్రిచర్డ్ జాడీ పిడిలాంటి రుజువు ఈ రాతికి లేదు, దాన్ని అడిగేవాళ్లూ తక్కువే. 1948 తర్వాత ఈ సమాజంలో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. అక్కడ ఏలీయా పేరుతో ఉన్న గుహ హైఫాలో, కర్మెలు కొండ వాలులో ఉంది. కొంకణ్ నుంచి వెళ్లిన కుటుంబాలు ఇప్పుడు మలీదా పళ్లెం పట్టుకుని ఆ గుహకు వెళ్తున్నాయి.